దండ ఎవరి మెడలో

కోదండానికి ఆ ఏడాది ఒకటే బెంగ. ఎంత నవ్వించినా దండ తన మెడలో పడటం లేదని.

భద్రయ్య గురువుగారి నాటక సమాజంలో ఒక రివాజు ఉండేది. ఏ ఊళ్ళో మకాం వేసినా మూడు ఆటలు. మూడో ఆట చివర మంగళం పాడేటప్పుడు గురువుగారు బంతిపూల దండ తెచ్చి, ఆ నాటకంలో నాయకుడెవరో వాళ్ళ మెడలో వేస్తారు. దేవుడి కథకి దేవుడు, రాజు కథకి రాజు. వాటికి పేచీ లేదు, కళ్ళు మూసుకుని వెయ్యొచ్చు. చిక్కంతా 'సత్రంలో అల్లుడు' దగ్గరే వచ్చేది.

అది గురువుగారి తాత నాటి హాస్య నాటకం. పేరయ్య అని ఒక ఇల్లరికపు అల్లుడు. అతణ్ణి ఎలా సాగనంపుదామా అని చూసే మామ కోటయ్య. మామ వేసిన ఎత్తు వేసినట్టే తిప్పికొట్టి, ఆఖరికి ఇంటి తాళాలు అల్లుడి మొలలో దోపే పనివాడు గంగులు. అంతే కథ. అరవై ఏళ్ళుగా జనం అదే కథ చూస్తున్నారు, అక్కడే నవ్వుతున్నారు, మళ్ళీ రమ్మంటున్నారు.

మామ లేకపోతే అసలు గొడవే లేదు గనక మామే నాయకుడని కొందరనేవారు. తాళాలు దక్కినవాడే నాయకుడని కొందరు. గురువుగారు ఒక ఊళ్ళో మామకి వేసేవారు, ఇంకో ఊళ్ళో అల్లుడికి. ఒకసారి అయితే మీసం గీయించుకుని అత్తగారి వేషం కట్టిన వెంకటాద్రికి వేశారు. పాపం వెంకటాద్రి ఏడ్చేశాడు కూడా. గంగులుకి మాత్రం ఒక్కనాడూ వెయ్యలేదు.

గంగులు వేషం కోదండానిది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. గురువుగారు హార్మోనియం తిత్తికి పడ్డ చిల్లు అంటిస్తున్నారు.

"గురువుగారూ, జనం ఎవరిని చూసి నవ్వుతున్నారో మీరు వింటున్నారా అండీ?"

"చెవులున్నాయిగా."

"మరి 'సత్రంలో అల్లుడు'కి నాయకుడెవరండీ?"

గురువుగారు తిత్తి ఒకసారి ఊది చూశారు. ఇంకా గాలి పోతోంది.

"నువ్వే తేల్చరా. గోగులపాలెంలో దండ నీ చేతికిస్తాను. ఎవరిదని నీకు తోస్తే వాళ్ళ మెడలో వెయ్యి."

"నా మెడలో నేనే వేసుకోవచ్చాండీ?"

"నీదని తేలితే వేసుకో. నాదేం పోయింది?"

కోదండం ఆ రోజు నేల మీద నడిచాడా అంటే అనుమానమే.

గోగులపాలెం ఏటి గట్టు మీది ఊరు. ఆట సంత పాకల ముందు. సాయంత్రం నాలుగింటికి మొదలెట్టి దీపాల వేళకి ముగించాలని పెద్దలు ముందే చెప్పారు. మొదటి రోజు పురాణ నాటకం, తక్కిన రెండు రోజులూ 'సత్రంలో అల్లుడు.' సమాజం వాళ్ళకి భోజనాలు వంతుల మీద. ఇంటికొకరు. కోదండానికి మూడు రోజులూ రంగనాయకులు గారిల్లు పడింది.

రంగనాయకులు యాభై దాటిన మనిషి. నిజంగానే ఇల్లరికపు అల్లుడు. ఆ ఊరొచ్చి పాతికేళ్ళు. మామగారు పోయి పదేళ్ళు. పొలం, పశువులు, మంచీ చెడూ అన్నీ ఆయనే చూసుకుంటాడు. వడ్డన కూడా ఆయనే చేశాడు. కోదండం విస్తట్లో గడ్డపెరుగు తన వాటాది కూడా వేసేసి, "కుర్రాడివి, గొంతు చించుకుని అరవాలి, తిను నాయనా" అన్నాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్ళు కూడా తనే పోశాడు.

కోదండం తింటూనే రెండు సంగతులు కనిపెట్టాడు. అతని కళ్ళు అలాంటివి.

ఒకటి. రంగనాయకులు చెప్పులు విడిచేటప్పుడు వాటి ముందు వైపు వీధిలోకి ఉండేలా విడుస్తాడు.

రెండు. గడప దాటే ముందు రెండు సార్లు దగ్గుతాడు. తన ఇంట్లోకి తను వెళ్ళడానికే. ఆ దగ్గు వినపడగానే లోపల మంచం మీదున్న అత్తగారు కాళ్ళు ముడుచుకుంటుంది. భార్య తులశమ్మ పీట వాలుస్తుంది. ఎవరూ ఏమీ అనుకోరు. పాతికేళ్ళుగా జరుగుతున్నదే.

గంగులు వేషానికి ఒక వెసులుబాటు ఉంది. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి సంగతి ఒకటి ఏరుకొచ్చి తన మాటల్లో కలుపుకోవచ్చు. సమాజంలో దాన్ని 'ఊరి ముక్క' అంటారు. మునసబు గారి బొజ్జ, కరణం గారి నశ్యం డబ్బీ, ఇలాంటివి. పెద్దవాళ్ళు పైకి కళ్ళెర్రజేసి లోపల మురిసిపోతారు.

రెండో రోజు మధ్యాహ్నం మొహానికి రంగు పూసుకుంటూ కోదండం ఆ దగ్గు దగ్గి చూపించాడు. అల్లుడు పేరయ్య వేషం కట్టే పిచ్చేశ్వరరావు పక్కనే ఉన్నాడు. సమాజంలో అందరికంటే పెద్దవాడు.

"అబ్బాయ్, మునసబు గారి మీద ఏమీ దొరకలేదా?"

"దీని ముందు మునసబు ఏపాటి బాబాయ్! కథ కూడా ఇల్లరికానిదే. దేవుడే పంపించాడు."

"వాళ్ళింట్లో అన్నం తిన్నావురా."

"తిన్నాను గనకే కదా, దగ్గర్నుంచి చూశాను!"

పిచ్చేశ్వరరావు తలపాగా చుట్టుకోవడంలో పడ్డాడు.

ఆ రోజు ఆట చూసినవాళ్ళు గోగులపాలెంలో ఇప్పటికీ చెప్పుకుంటారేమో. వేదిక మీద ఇల్లంటే ఒక గుమ్మం చట్రం, అంతే. కోదండం ఆ గుమ్మం ముందుకొచ్చి జనం వైపు తిరిగాడు.

"అయ్యా, మా అల్లుడుగారు ఇంట్లోకి ఎలా వేంచేస్తారో తమరెప్పుడైనా చూశారా?"

చెప్పులు విడిచాడు. వీధి వైపు తిప్పి పెట్టాడు.

"ఇలా ఎందుకంటారా? పొమ్మన్నప్పుడు వెతుక్కోనక్కర్లేకుండా!"

జనం గొల్లుమన్నారు. కోదండం గుమ్మం మీద చెయ్యి ఆనించి, మెడ కాస్త వంచి, రెండు సార్లు దగ్గాడు. అచ్చం అదే దగ్గు.

ఇంక చూసుకోండి. సంత పాకల మీది కాకులు లేచిపోయాయి. ఎవరో వెనక నుంచి, "రంగనాయకులూ, నిన్నేనయ్యో!" అని అరిచారు. మూడు వందల తలలు ఒక్కసారి ఒకే వైపు తిరిగాయి.

రంగనాయకులు నాలుగో వరసలో పాక స్తంభం పక్కన కూర్చున్నాడు. నవ్వాడు. పెద్దగానే నవ్వాడు. తల ఊపుతూ, అవునవును నేనే అన్నట్టు నవ్వాడు. పక్కనున్న తులశమ్మ ఒళ్ళో చేతులు చూసుకుంటూ కూర్చుంది.

కోదండం చూశాడు. చూసి కూడా ఇంకోసారి దగ్గాడు. జనం అడిగారు మరి.

ఆట అయ్యాక అందరూ భుజాలు తట్టారు. గురువుగారు మాత్రం హార్మోనియం మీద గుడ్డ కప్పుతూ, "రేపు మధ్యాహ్నం నేనూ నీతో భోజనానికి వస్తాను" అన్నారు.

"మునసబు గారింట్లో మీకు గారెలు వండుతున్నారండీ."

"వండనీ."

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. రంగనాయకులు ఇంటి సందు మొదట్లోనే గోలీలాడుకుంటున్న పిల్లలు కోదండాన్ని గుర్తుపట్టి దగ్గారు. కోదండానికి ముచ్చటేసింది. చెయ్యి ఊపాడు. నాలుగడుగులు వేశాక వెనక మళ్ళీ దగ్గులు వినపడ్డాయి. ఈసారి తన కోసం కాదు. తిరిగి చూస్తే రంగనాయకులు పొలం నుంచి వస్తున్నాడు, చంకలో అరిటాకుల కట్టతో. పిల్లలు ఆయన వెనకాల వరస కట్టి ఖళ్ళు ఖళ్ళుమంటున్నారు. ఆయన వాళ్ళని చూసి నవ్వుతూనే నడుస్తున్నాడు. కానీ కొంచెం వడిగా నడుస్తున్నాడు.

"వచ్చారా! రండి, రండి. గురువుగారు కూడా వచ్చారే. అదృష్టం. అరుగు మీద కూర్చోండి, ఇప్పుడే ఆకులు లోపలికిచ్చి వస్తా."

చెప్పులు విడిచాడు. ఎప్పటిలాగే ముందు వైపు వీధిలోకి ఉండేలా విడిచాడు. ఒక అడుగు వేసి ఆగాడు. వంగి, ఆ చెప్పుల్ని చేత్తో ఇంటి వైపు తిప్పి పెట్టాడు.

కోదండం అరుగు మీదే ఉన్నాడు. మూరెడు దూరం.

రంగనాయకులు గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. గుమ్మం మీద చెయ్యి ఆనించాడు. వెంటనే తీసేశాడు. గొంతు సవరించుకోబోయాడు. నోరు సగం తెరిచి మూసేశాడు.

అక్కడే నిలబడ్డాడు.

లోపల తులశమ్మ రోట్లో ఏదో నూరుతోంది. అత్తగారు ఎవరితోనో కోడి పెట్ట సంగతి చెబుతోంది. ఆయన వచ్చాడని వాళ్ళకెలా తెలుస్తుంది? దగ్గలేడు. దగ్గకుండా గడప దాటడం పాతికేళ్ళలో ఆయనకి రాలేదు. పిలుద్దామంటే ఏమని పిలవాలో కూడా ఆయనకి అలవాటు లేదు. అరిటాకుల చివరల నుంచి నీళ్ళు కారి ఆయన పాదాల మీద పడుతున్నాయి.

కోదండం లేచి ఏదైనా అనాలనుకున్నాడు. ఏమంటాడు? నిన్న ఇదే గుమ్మాన్ని చట్రం కట్టి, మూడు వందల మందికి చూపించి, ఈ మనిషి ఇంట్లోకి వెళ్ళే దారి తను మూసేశాడు.

ఎంతసేపు నిలబడ్డాడో. గట్టిగా చెప్పాలంటే తమలపాకు నమిలేంత సేపే. కోదండానికి మాత్రం ఆ కాస్తలో ఇరవయ్యారేళ్ళ తన వయసంతా ఎందుకూ కొరగాని దానిలా కనపడింది.

అప్పుడు పక్కనున్న గురువుగారు దగ్గారు. రెండు సార్లు. ముసలి దగ్గు, లోతుగా.

లోపల రోలు ఆగింది. మంచం కిర్రుమంది. పీట వాల్చిన చప్పుడు.

"వచ్చారా? ఆకులిలా ఇవ్వండి. నాటకాలబ్బాయి వచ్చాడా?" తులశమ్మ గొంతు.

రంగనాయకులు గురువుగారి వైపు తిరిగి చూశాడు. గడప దాటి లోపలికి వెళ్ళాడు.

వంకాయ కారం కూర, ఉల్లిపాయ పులుసు. రంగనాయకులే వడ్డించాడు. కోదండం ముద్ద కలుపుతున్నాడు గానీ నోట్లోకి పోవడం లేదు.

"ఏం నాయనా, కూర కుదరలేదా? నిన్న అంతలా నవ్వించావు. మా అత్తగారు కూడా నవ్విందయ్యా. పాతికేళ్ళలో ఆవిడ నవ్వగా నేను చూడలేదు."

అత్తగారు లోపల్నుంచి, "నేనెప్పుడు నవ్వాను? పొగాకు ఘాటుకి పొలమారింది" అంది.

రంగనాయకులు మళ్ళీ నవ్వాడు. తులశమ్మ నెయ్యి గిన్నె పట్టుకొచ్చి గురువుగారికి వడ్డించింది. కోదండం దగ్గర ఒక్క క్షణం ఆగింది. వడ్డించింది. మొదటి రోజు ఎంత వేసిందో అంతే వేసింది. కాస్త తక్కువ వేసినా బాగుండేదనిపించింది కోదండానికి.

చెయ్యి విస్తట్లోనే ఉంచి అతను తలెత్తాడు. "అయ్యా, నిన్న నేను..."

"పులుసు" అన్నారు గురువుగారు పెద్దగా. "ఇంకాస్త పులుసు వెయ్యమ్మా. కోదండం, ఆ ఉప్పు ఇలా జరుపు."

మాట అక్కడే తెగిపోయింది. మళ్ళీ అందుకోలేకపోయాడు.

తిరిగి వస్తుంటే దారిలో కోదండం ఏడ్చినంత పని చేశాడు. "క్షమించమని అడగనివ్వలేదేమండీ?"

"అడిగితే ఆయన ఏమంటాడు?"

"ఫరవాలేదు నాయనా అంటాడు."

"ఆ పని కూడా ఆయన నెత్తినే పెడతావా?"

ఇద్దరూ ఏటి గట్టు దాకా నడిచారు. కోదండం గట్టు మీద ఆగి, "ఆ దండ నాకివ్వకండి గురువుగారూ" అన్నాడు.

"మాట ఇచ్చాను. ఇస్తాను."

మూడో ఆటకి పక్క ఊళ్ళ వాళ్ళు కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. దగ్గు సంగతి అప్పుడే అక్కడికి పాకింది. గంగులు వేషంలో కోదండం గుమ్మం దగ్గరికి రాగానే ఈలలు.

"దగ్గవయ్యా గంగులూ!"

"చెప్పులు! చెప్పులు!"

కోదండం నిలబడ్డాడు. దగ్గు ముక్క తీసేసి అక్కడ ఏమనాలో మధ్యాహ్నమంతా ఆలోచించి పెట్టుకున్నాడు. అదంతా ఎగిరిపోయింది. నాలుగో వరసలో ఆ స్తంభం పక్కన రంగనాయకులు ఉన్నాడు. రాకపోతే ఊరు ఇంకో మాట అంటుంది, అందుకే వచ్చాడు. తులశమ్మ రాలేదు.

ఈలలు పెరిగాయి. ఎవరో మట్టిబెడ్డ విసిరారు. నాటకం కళ్ళముందే చచ్చిపోతోంది.

గుమ్మం లోపల్నుంచి అల్లుడు పేరయ్య వేషంలో పిచ్చేశ్వరరావు వచ్చాడు. అతను రావలసిన చోటు కాదది.

"ఏరా గంగులూ! నా ఇంటి గుమ్మంలో కొయ్యలా నిలబడ్డావేం? జీతం తీసుకుని దారి చూపించే వెధవ్వి, నువ్వే దారి మర్చిపోయావా?"

మెడ మీద ఒక్కటి చరిచాడు. ఉత్తుత్తి దెబ్బేం కాదు. కోదండం తూలి చట్రం పట్టుకున్నాడు. చట్రం ఊగింది, తలపాగా ఊడి మొహం మీద పడింది. జనం విరగబడి నవ్వారు.

మూడు వందల మంది, తన మీద. దగ్గు మాట మర్చిపోయి నవ్వారు. కోదండానికి చెవులు మండిపోయాయి. వేషం కట్టి తెప్పించిన నవ్వుకీ దీనికీ పోలికే లేదు. అది తను వాళ్ళ నుంచి రాబట్టింది. ఇది వాళ్ళు తన మీద పారబోసింది. ఏం చెయ్యాలో తెలియక తలపాగా సర్దుకుంటూ తనూ నవ్వాడు. నవ్వుతుండగానే తెలిసింది, నిన్న నాలుగో వరసలో నవ్విన నవ్వు ఎలాంటిదో.

నాటకం గట్టెక్కింది. మంగళం మొదలెట్టారు. గురువుగారు బంతిపూల దండ తెచ్చి కోదండం చేతిలో పెట్టారు.

"తేలిందా?"

కోదండం దండ పట్టుకుని నాలుగో వరస వైపు చూశాడు. వేదిక దిగబోయి ఒక కాలు కిందికి పెట్టాడు కూడా. రంగనాయకులు అది చూశాడు. మెల్లిగా జరిగి, స్తంభం చాటుకి వెళ్ళిపోయాడు.

కోదండం కాలు వెనక్కి తీసుకున్నాడు.

దండ రెండు చేతుల్తో గురువుగారికి తిరిగిచ్చేశాడు. ఆయన దాన్ని బుట్టలో పెట్టి మూత వేశారు. జనం ఇది కూడా నాటకంలో భాగమే అనుకున్నారు కాబోలు, చప్పట్లు కొట్టారు.

తెల్లవారి బళ్ళకి సామాను ఎక్కిస్తున్నారు. ఊరి వాళ్ళు చాలామంది సాగనంపడానికి వచ్చారు. మునసబు గారు గారెల మూట పట్టుకొచ్చారు. రంగనాయకులు రాలేదు. కోదండం ఆ సందు వైపు ఎన్ని సార్లు చూశాడో లెక్క లేదు.

బళ్ళు కదిలాయి. గురువుగారి బండి వెనకాలే నడుస్తూ కోదండం చాలా దూరం వచ్చాక అన్నాడు.

"గురువుగారూ, వచ్చే ఊళ్ళో నాకు అల్లుడి వేషం ఇప్పిస్తారా? పిచ్చేశ్వరరావు బాబాయి ఒప్పుకున్నాడు. ఆ గుమ్మంలో ఎలా నిలబడాలో ఇప్పుడు నాకు తెలుసండీ. నేను నిలబడితే జనం ఏడుస్తారు."

గురువుగారు బండి ఆపించారు. కిందికి దిగి అతని మొహంలోకి చూశారు.

"ఇవ్వను."

"తప్పు దిద్దుకుందామనండీ."

"అది ఆయన సిగ్గు. మొన్న అమ్ముకున్నావు. ఇది నీ సిగ్గు. దీన్నీ అప్పుడే అమ్ముతావా?"

కోదండం తల వంచుకున్నాడు.

"కొన్నాళ్ళు దాన్ని ఊరికే ఉండనీరా" అన్నారు గురువుగారు. బండి ఎక్కలేదు. అతని పక్కనే నడిచారు.